గోండికి పైసలు ఎవరు పెట్టిన్రు? మార్లవాయి బడి నుంచి మన మెమోరాండం దాకా



పోస్టు పొడవుంది. రెండు రాత్రులు కూర్చొని రాసిన. జర ఓపికతో చివరిదాకా చదవండి, ఎందుకంటే చివర్లో మీతో ఒక పని ఉంది.

పోయిన నెల మన గ్రూపులో చర్చ నడిచింది కదా. మన భాష, మన సంస్కృతి నిలబడాలంటే నిధులు కావాలె, మెమోరాండం రాసి ఐటీడీఏలో ఇద్దాం అనుకున్నాం. ఏమేం అడగాలో లిస్టు వేస్తే ఇట్లా వచ్చింది: ఒక గోండి భవనం, ఒక విగ్రహం, ఏటా ఒక ఉత్సవం, ఒక డిక్షనరీ. నేను కూడా ఓకే అని పెట్టిన. కానీ తర్వాత ఒక ప్రశ్న వదల్లేదు. ఇట్లా అడగడం మనమే మొదటిసారా? ఇంతకు ముందు గోండి కోసం ఎవరైనా పైసలు ఖర్చు పెట్టారా? పెడితే ఆ పైసలతో ఏం చేశారు? ఎందుకు ఆగిపోయింది?

లైబ్రరీలో దొరికినవి చదివిన. ఊర్లో పెద్దమనుషులను ఫోన్ చేసి అడిగిన. ఇప్పుడు నాకు అనిపించేది ఏందంటే, మన లిస్టు మారాలె. ఎందుకో ఒక్కొక్కటి చెప్తా.

సర్కారు లేనప్పటి బడ్జెట్

మన దేవుళ్ల పుట్టుక, నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగలు ఎట్లా ఏర్పడ్డాయో ఆ కథ, ఏ గోత్రం ఏ దారిన నడిచి ఎక్కడికి వచ్చిందో ఆ వరుస, ఇవన్నీ కాగితం మీద లేని రోజుల్లో ఎవరి దగ్గర ఉండేవి? గోండుల దగ్గర కాదు. ప్రధాన్‌ల దగ్గర, తోటిల దగ్గర ఉండేవి. మూడు తీగల కిక్రి పట్టుకొని ఒక మనిషి పాడుతుంటే, పక్కన ఇంకొకరిద్దరు అందుకుంటుంటే, పొద్దు పొడిచేదాకా కథ నడిచేది.

ఆదిలాబాద్ ప్రధాన్‌లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ. కానీ కథ పాడేది గోండిలో. అంటే మన భాషకు లైబ్రరీ లాంటి మనుషులు మన భాష ఇంటి భాష కానివాళ్లు. మరి వాళ్లు అంత కష్టపడి, ఏళ్ల తరబడి నేర్చుకొని, తమ పిల్లలకు నేర్పి, గోండిని ఎందుకు మోశారు? భక్తి ఉంది, నిజమే. కానీ అది వాళ్ల బతుకు కూడా. ప్రతి ప్రధాన్ కుటుంబానికి తరతరాలుగా కొన్ని గోండు ఇండ్లు ఉంటాయి. కళ్లం మీద జొన్నలు కొలిచేటప్పుడు వాళ్ల వాటా వాళ్లకు పోతది. పెళ్లి అయితే బట్టలు, ఇచ్చుకోగలిగిన ఇల్లు అయితే ఆవో దూడో. పెర్సా పెన్ పూజకు వాళ్లు లేకుంటే పని నడవదు. మనిషి చనిపోతే, పోయినవాళ్లను పెద్దల్లో కలిపే కార్యం వాళ్ల పాట లేకుంటే పూర్తి కాదు.

ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ఇదే గోండి భాషకు మొదటి నిధి. దరఖాస్తు లేదు, యుటిలైజేషన్ సర్టిఫికెట్ లేదు. పంట పండిన ఇల్లు తన భాషను మోసే మనిషికి కొంత గింజ ఇచ్చింది. ఆ గింజతో కొన్నది ఒకటే: ఒక మనిషి టైం. కథ నేర్చుకోవడానికి, మర్చిపోకుండ ఉంచుకోవడానికి, కొడుక్కు నేర్పడానికి టైం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మనం వాళ్లను మనకంటే కింద అనుకున్నాం. కథ కోసం పిలిచి, తిండి దగ్గర వేరుగా కూర్చోబెట్టినం. ఈ గ్రూపులో ప్రధాన్, తోటి తమ్ముళ్లు చెల్లెళ్లు ఉన్నారు, వాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు. పాత పద్ధతి అంతా బంగారం అని నేను అనట్లేదు. కానీ ఆ పద్ధతిలో పైసలు ఎక్కడికి పోయినయో చూడండి: మనిషికి పోయినయి.

భూమి పోయింది, గింజ పోయింది

ఈ నిధి ఎట్లా ఎండిపోయిందో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గింజ రావాలంటే చేను ఉండాలె. నిజాం కాలంలో అడవికి రిజర్వు గీతలు గీశారు. గీతలోపల పడ్డ ఊర్లు లేచిపోవాల్సి వచ్చింది. పోడు చేస్తే కేసు, పశువులు మేపితే పన్ను. ఇంకో పక్క మైదానం నుంచి వచ్చినవాళ్లు కాగితం తెలిసినవాళ్లు. మన తాతలకు దున్నడం తెలుసు, పట్టా తెలియదు. తాత దున్నిన చేను వేరేవాళ్ల పేరు మీద రాసి ఉన్న సంగతి చేను పోయాకనే తెలిసింది.

కుమ్రం భీం లేచింది దీని మీదనే. జోడేఘాట్, బాబెఝరీ చుట్టూ 12 ఊర్ల పోరాటం, 1940లో భీం అమరుడవడం, ఇవి మనందరికీ తెలిసిన సంగతులు. మనం భీంను తలుచుకునేటప్పుడు జల్, జంగల్, జమీన్ అంటాం. నేను చెప్పేది ఏందంటే, ఆ జమీన్‌లోనే భాష కూడా ఉంది. చేను పోయిన గోండు తన ప్రధాన్‌కు ఏం పెడతాడు? ఏం పెట్టలేనప్పుడు ప్రధాన్ కొడుకు కిక్రి ఎందుకు నేర్చుకుంటాడు?

మార్లవాయి, 1943

భీం పోయినంక నిజాం సర్కారుకు భయం పట్టుకుంది. తుపాకులతో ఒక లొల్లి ఆపొచ్చు గానీ తర్వాతది ఎట్లా? ఈ జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకున్నారు. ఆ పని పడింది హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మనిషి మీద. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మనీ పాస్‌పోర్టు ఉండడం వల్ల ఇంగ్లీషువాళ్లు ఆయనను హైదరాబాద్ రాజ్యం దాటి పోనివ్వలేదు. అట్లా ఇక్కడ ఉండిపోయి, ముందు చెంచుల దగ్గర, తర్వాత కొండరెడ్ల దగ్గర పని చేసి, ఆఖరికి మన మార్లవాయికి వచ్చాడు. భార్య బెట్టీతో కలిసి ఊర్లోనే గుడిసె వేసుకొని ఉన్నాడు. ఇప్పుడు ఆ ఊరు కుమ్రం భీం జిల్లా జైనూర్ మండలంలో ఉంది.

1943లో మార్లవాయిలో గోండుల విద్యా పథకం మొదలైంది. పైసలు నిజాం సర్కారువి. ఈ పథకంలో నాకు ముఖ్యం అనిపించింది ఏందంటే, వాళ్లు మొదట కట్టింది భవనం కాదు, మొదట తయారు చేసింది టీచర్లను. అప్పుడు చదువొచ్చిన గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లనే పట్టుకొని ఇంకొందరికి చదువు చెప్పించి, ఆ కొందరిని ఊర్లకు పంపారు. గోండి మాట్లాడే మనిషి గోండి పిల్లలకు గోండిలో చెప్పాలి, అదీ పథకం. వాచకాలు గోండిలో, దేవనాగరి లిపిలో రాశారు. ఆ చుట్టుపక్కల మరాఠీ ఎక్కువ నడిచేది కాబట్టి ఆ లిపి నేర్చుకుంటే రెండు పనులూ అవుతాయని లెక్క. పాఠాల్లో మన కథలే పెట్టారు. కిక్రి మీద విన్న కథ పిల్లగాడికి పుస్తకంలో కనిపించింది.

అదే సమయంలో భూమి పని కూడా జరిగింది. 1940లు అయిపోయేలోపు ఆదిలాబాద్ జిల్లాలో ఆదివాసులకు దాదాపు 1,60,000 ఎకరాలు పట్టా అయింది, 11 వేలకు పైగా కుటుంబాలకు. సగటున చూస్తే ఇంటికి 14 ఎకరాలు. కెస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి జనం మాట వినే దర్బార్ కూడా ఆ 1940లలో మొదలైందే.

అంటే ఆ ఐదారు ఏళ్లలో మూడు కలిసి నడిచాయి: చేను, మనిషి, పుస్తకం. సర్కారు ప్రేమతో ఇచ్చిందని నేను అనను. భీం రక్తం లేకుంటే ఆ పైసలు రావు. కానీ ఇచ్చిన పైసలు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టారు. అందుకే ఇప్పటికీ మార్లవాయిలో ఆ ఇద్దరి సమాధుల దగ్గర ప్రతి జనవరి 11న ఊరు ఊరంతా కూడుతుంది.

1956: ఒకే ఏడు, రెండు సంగతులు

మరి ఎందుకు ఆగింది?

1948లో నిజాం రాజ్యం పోయింది. 1949 తర్వాత హైమన్‌డార్ఫ్ లండన్ వెళ్లిపోయాడు. 1956లో భాషా రాష్ట్రాలు వచ్చాయి. తెలుగువాళ్లకు ఒకటి, కన్నడవాళ్లకు ఒకటి, కొన్నేళ్ల తర్వాత మరాఠీవాళ్లకు కూడా ఒకటి. గోండి మాట్లాడేవాళ్లకు? మనం ఉన్న నేల ఒక్కటే ముక్క. దాన్ని గీతలు గీసి తలా ఇంత పంచుకున్నారు. ఆదిలాబాద్ గోండులు తెలుగు రాష్ట్రంలో, చాందా, యవత్మాల్ గోండులు చివరికి మహారాష్ట్రలో, మిగతావాళ్లు మధ్యప్రదేశ్‌లో. ఎక్కడికి పోయినా తక్కువమందిమే అయినం. మన దగ్గర బడి తెలుగు మీడియం అయింది. గోండి వాచకాలు మూలకు పోయినయి.

ఇంకో సంగతి చూడండి. ఆ రాష్ట్రాల విభజన కోసమే రాజ్యాంగానికి 7వ సవరణ చేశారు. అదే సవరణలో 350ఏ అనే ఆర్టికల్ కూడా పెట్టారు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే ఏర్పాటు చేయాలని అది రాష్ట్రాలకు చెప్తుంది. అంటే గోండి బడి ఎత్తిపోవడానికి దారి వేసిన ఏడే, గోండి బడి ఉండాలన్న మాట రాజ్యాంగంలో రాసిన ఏడు. ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చిన.

హైమన్‌డార్ఫ్ 1970లలో మళ్లీ వచ్చి చూసుకున్నాడు. 1982లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. అప్పుడు పట్టా అయిన భూములు మళ్లీ చేతులు మారుతున్నాయి, ఆదివాసులది కాని జనం జిల్లాలో నిండుతున్నారు. భూమి బదలాయింపు ఆపడానికి 1959 రెగ్యులేషన్ ఉంది, దాన్ని గట్టి చేసిన 1970 నాటి 1/70 ఉంది. చట్టం కాగితం మీద ఉండగానే చేన్లు పోతున్నాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మనవాళ్లు సభ పెట్టుకున్నది దీని గురించే. అక్కడ ఏం జరిగిందో స్థూపం దగ్గర నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు.

మనం ఇంద్రవెల్లిని భూమి చరిత్రలో చెప్పుకుంటాం, మార్లవాయిని చదువు చరిత్రలో చెప్పుకుంటాం, కిక్రిని కళల చరిత్రలో చెప్పుకుంటాం. నాకైతే మూడూ ఒకటే కథ.

2004లో వచ్చిన పుస్తకాలు

రెండోసారి పెద్ద ఎత్తున పైసలు వచ్చింది సర్వశిక్షా అభియాన్ రోజుల్లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో బహుభాషా విద్య అని మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా, ఇట్లా 8 భాషలు, 240 బడులు. ఈసారి లిపి తెలుగు. ఒకటో తరగతిలో ఇంటి భాషతో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకుపోవాలని ఆలోచన. మంచి ఆలోచన. మన పండుగలు, మన చెట్లు, మన బొమ్మలు ఆ పుస్తకాల్లోకి వచ్చాయి.

నేను చదివిన బడిలో ఆ పుస్తకాలు ఉండేవి. బీరువాలో ఉండేవి. మా సారు మంచివాడు, ఆయనను తప్పు పట్టను. ఆయనకు గోండి రాదు. రాని భాషలో పుస్తకం ఎట్లా చెప్తాడు? మేము ఇంట్లో గోండి, బడిలో తెలుగు, మధ్యలో మౌనం. మూడో తరగతి దాకా నేను బడిలో నోరు తెరిచింది చాలా తక్కువ. మెల్లగా ఇంట్లో కూడా తెలుగే వచ్చేది. ఇప్పుడు మా అమ్మ గోండిలో అడిగితే నేను తెలుగులో జవాబు చెప్తున్నా. మీలో ఎంతమంది ఇట్లా ఉన్నారో చేతులు ఎత్తండి.

1943ను, 2004ను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. మార్లవాయిలో ముందు మనిషిని తయారు చేసి తర్వాత పుస్తకం రాశారు. మా బడికి పుస్తకం వచ్చింది, మనిషి రాలేదు.

మనవాళ్లే మోసినవి

సర్కారు పైసలు లేని చోట ఏం జరిగిందో కూడా చూడాలి.

నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో చేతిరాత పుస్తకాలు బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీవాళ్లు వచ్చి చూసేసరికి ఆ లిపి చదవగలిగిన ముసలివాళ్లు ఊర్లో కొద్దిమందే మిగిలారు. వాళ్లు చదివి చెప్పబట్టే మిగతా పని నడిచింది. గుంజాల గోండి అనే పేరుతోనే 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు మన ఫోన్లో ఆ అక్షరాలు రావచ్చు. ఒక చిన్న ఊరి పేరు ప్రపంచమంతా వాడే పట్టికలో ఎక్కింది. అన్ని ఏళ్లు ఆ కాగితాలను చెదలు తినకుండ దాచినవాళ్లకు మాత్రం ఎవరూ జీతం ఇవ్వలేదు.

కెస్లాపూర్ సంగతి మీకు తెలుసు. నాగోబా గుడిని మెస్రం వంశంవాళ్లు తమలో తాము చందాలు వేసుకొని దాదాపు 5 కోట్లతో రాతితో కట్టుకున్నారు. 2022 డిసెంబర్‌లో ప్రతిష్ఠ చేశారు. మనకు పైసలు కూడబెట్టడం రాదు అనేవాళ్లకు ఇది జవాబు.

శ్రీకాకుళం, పార్వతీపురం వైపు సవర మిత్రులు కూడా గ్రూపులో ఉన్నారు, వాళ్ల కథ కూడా ఒకటి చెప్తా. గిడుగు రామమూర్తి పంతులు పేరు మీద ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆ పంతులు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకొని, సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపాడు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చేసింది. 1936లో సవరలలోనే మంగయి గొమాంగో సొంత లిపి తయారు చేశాడు. పంతులుగారి పేరుతో తెలుగుకు పండుగ మిగిలింది. సవరకు ఏం మిగిలిందో ఆ మిత్రులే చెప్పాలి.

ఇప్పుడు పైసలు ఎక్కడున్నాయి

పైసలు లేవనడం తప్పు. రాజ్యాంగం 275(1) కింద గిరిజన సంక్షేమానికి కేంద్రం గ్రాంటు ఇస్తుంది. 1974-75 నుంచి గిరిజన ఉపప్రణాళిక ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో దానికి చట్టం వచ్చింది, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం అయింది. జనాభా ఎంత శాతమో బడ్జెట్‌లో అంత శాతం పెట్టాలనేది దాని మూలం. హైదరాబాద్‌లో 1963 నుంచి గిరిజన సంస్కృతి పరిశోధన సంస్థ ఉంది. రోడ్డు, బోరు, హాస్టల్ బిల్డింగ్ అన్నీ ఈ పద్దుల్లోనే వస్తాయి, రావాలె కూడా. నేను ఉంటున్న హాస్టల్ కూడా అట్లా వచ్చిందే. కానీ ఆ పద్దుల్లో భాషను మోసే మనిషికి జీతం అనే లైను ఎక్కడ ఉంది?

దేశం లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 29 లక్షల 84 వేల మంది. బోడో 14 లక్షల 82 వేలు. బోడో, సంతాలీ భాషలు 2003లో 92వ సవరణతో ఎనిమిదో షెడ్యూల్లో చేరాయి. వాళ్లు కొట్లాడి సాధించుకున్నారు, సంతోషమే. గోండి ఇప్పటికీ బయటే ఉంది. ఇంకో పక్క అంతరించిపోయే భాషలను రికార్డు చేసే పథకం ఒకటి కేంద్రం 2013లో మొదలుపెట్టింది. మైసూరు భారతీయ భాషల సంస్థ చూస్తుంది. అది 10 వేల కంటే తక్కువమంది మాట్లాడే భాషలకు. అంటే షెడ్యూల్‌కు మనం అక్కరకు రాలేదు, ఆ పథకానికి మనం ఎక్కువైనం. అటు తలుపు తెరవలేదు, ఇటు తలుపులో పట్టం.

గౌరవం లేదని కూడా అనలేను. మార్లవాయికే చెందిన కనకరాజు గారికి గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అదే మార్లవాయి, 1943 నాటి బడి ఊరే. 2024 అక్టోబర్‌లో ఆయన కన్నుమూశారు. ఒక మనిషికి పతకం రావడం మన అందరికీ గర్వం. కానీ ఆయన బతికున్నప్పుడే ఆయన దగ్గర పదిమంది పిల్లలు కూర్చొని నేర్చుకోవడానికి నెలనెలా జీతం వచ్చే పద్ధతి ఉంటే అది నిధి.

భాష అంటే పాట ఒక్కటే కాదు

ఇది రాస్తుంటే మా నానమ్మ గుర్తొచ్చింది. ఆమెకు తెలుగు అంగడి వరకే. కడుపు నొప్పి అని ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ గారు అడిగారు: గుచ్చినట్టు ఉందా, మంట ఉందా, మెలిపెట్టినట్టు ఉందా? ఆమె గోండిలో చెప్పింది. నేను తెలుగులోకి మార్చాలె. అప్పుడు నాకు పద్నాలుగేండ్లు. ఆమె వాడిన మాట నాకు తెలియదు. "నొస్తుందట సార్" అని ఒక్క ముక్క చెప్పిన. ఆమె ఇంత చెప్తే నేను అంతే చెప్పిన అని ఆమెకు అర్థమైంది. నా మొహం చూసి ఊరుకుంది.

ఆ మాట ఏందో ఆమెను తర్వాత అడగాలనుకున్నా. అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. ఆమె కార్యానికి మా ఇంటి ప్రధాన్ తాత వచ్చి పాడాడు. సగం నాకు అర్థం కాలేదు. అయినా ఆ పాట నడిచినంతసేపు మా నాన్న కుదురుగా ఏడ్చాడు, అయిపోయాక లేచి అన్నం తిన్నాడు. దాన్ని ఏ మందు అంటారో నాకు తెలియదు. ఆ తాత కొడుకు ఇప్పుడు నిజామాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. కిక్రి ఇంట్లో గోడకు ఉంది. రోజుకు వచ్చే కూలి వదిలి కిక్రి పట్టుకో అని అతనికి చెప్పే హక్కు నాకు లేదు, మనం అతనికి గింజ కొలవడం మానేసి ఎన్నో ఏండ్లు అయింది.

అందుకే మెమోరాండం ఇట్లా ఉండాలంటున్నా

ఒకటి. భవనం కంటే ముందు మనిషి. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఆ ప్రాంతపు భాష వచ్చిన ఒక పోస్టు ఉండాలె, గోండి ఊర్లో గోండి, కొలాం గూడెంలో కొలామి. డిగ్రీ ఉన్నవాళ్లు టీచర్‌గా, డిగ్రీ లేని పెద్దలు కథ చెప్పేవాళ్లుగా. ఇది దయ కాదు, 350ఏ.

రెండు. ప్రధాన్, తోటి కళాకారులకు నెల జీతం, పింఛను కాదు. పింఛను ముసలితనానికి ఇస్తారు. జీతం పనికి ఇస్తారు. పని: ఇద్దరు ముగ్గురు పిల్లలకు నేర్పడం. నేర్చుకునే పిల్లలకు కూడా స్టైపెండ్ ఉండాలె, అప్పుడే సెంట్రింగ్‌కు పోకుండ ఆగుతారు.

మూడు. దవాఖానలో, ఐటీడీఏ ఆఫీసులో గోండి, కొలామి తెలిసిన ఒక్కొక్క మనిషి. పద్నాలుగేండ్ల పిల్లగాడి మీద ఆ బరువు పెట్టొద్దు.

నాలుగు. భూమి కాగితాలు. భాష మెమోరాండంలో భూమి ఎందుకు అని ఎవరైనా అడిగితే ఈ పోస్టు చూపించండి.

డిక్షనరీ ఉండనీ. విగ్రహం, భవనం తర్వాత.

ఇది సర్కారు పని. మన పని కూడా ఒకటుంది. మెస్రంవాళ్లు గుడి కోసం చందా వేసుకున్నట్టు మనం కూడా వేసుకోవచ్చు. ఈ దీపావళికి దండారీకి ఇంటికి పోతాం కదా. కొలువులో ఉన్న అన్నలు ఎంత ఇస్తే అంత, చదువుకునేవాళ్లం ఒక సినిమా టికెట్ పైసలు, పోగు చేసి ఒక్క ఊర్లో ఒక్క ప్రధాన్ తాతను మూడు నెలలు కూర్చోబెట్టి ఐదుగురు పిల్లలకు నేర్పిద్దాం. ఆయనకు మన మధ్యనే చాప వేద్దాం, గడప బయట కాదు. ఆ మూడు నెలల లెక్క రాసి మెమోరాండం వెనక జత చేద్దాం. మేము ఇంత పెట్టినం, మీరు ఎంత పెడతారు అని అడగడానికి అప్పుడు మనకు నోరు ఉంటది.

ముందు చెప్పిన పని ఇదే. కింద కామెంట్లో మూడు ముక్కలు రాయండి. మీ ఊరు. మీ ఇంటికి ప్రధానో తోటో ఇంకా వస్తున్నాడా, ఆఖరిసారి ఎప్పుడు వచ్చాడు. ఆయన తర్వాత నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా. పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. ప్రధాన్, తోటి మిత్రులు మీ వైపు నుంచి రాయండి, ఎన్ని ఇండ్లు మిమ్మల్ని పిలవడం మానేశాయో అది కూడా. నొచ్చుకోకుండ చదువుతాం.

కోయ, కొలాం, సవర, చెంచు మిత్రులు మీ దగ్గర కథ ఎవరు మోస్తున్నారో, వాళ్లకు ఎవరు పెడుతున్నారో రాయండి.

నేను తప్పు రాసిన చోట పెద్దలు సరిచేయండి. గోండిలో రాయాల్సిన పోస్టు తెలుగులో రాసిన, అది కూడా తప్పే. వచ్చే ఏడాదికి సగమైనా గోండిలో రాస్తా.

జై సేవా. జోహార్ కుమ్రం భీం.